మూడు సెకన్ల సప్పుడు

పగటిపూట ఏ సప్పుడూ లేదు.
బానెట్ ఎత్తినం, రేసు ఇచ్చినం,
ఏసీ పెట్టినం, బంద్ చేసినం.
ఫోర్మన్ కుట్టప్పన్ ఇంజన్ మీద చెయ్యి ఆనిచ్చి
ఏం లేదని తల ఊపి చాయ్‌కి పోయిండు.

ఉస్తాద్ బక్రీ మాత్రం కదలలే.
సూడాన్ పంతులు, పిల్లగాండ్లకు లెక్కలు చెప్తడు.
పదమూడేండ్ల బండి, బూడిద రంగు,
షువైఖ్‌ల నాలుగు గ్యారేజీలు తిరిగొచ్చిండు.
ఒకడు బెల్టు మార్చిండు, ఒకడు ప్లగ్గులు.
ఒకడు ఇంజన్ దించాలె, మూడొందల ఎనభై దినార్లన్నడు.
నాలుగోడు నవ్విండట:
సప్పుడు బండిల లేదు ఉస్తాద్, నీ తలకాయల ఉన్నది.

వేళ్ళతోటి బానెట్ మీద కొట్టి సూపిండు పంతులు:
డబ్బల చింతగింజలు ఊపినట్టు.
పొద్దుగాల మొదటిసారి తాళం తిప్పినప్పుడు
మూడు సెకన్లు. గంతే.
ఆ తర్వాత ఎవలూ నమ్మరు.

నేను నమ్మిన.
సిరిసిల్లల మా నాయిన సాంచాలు నడిపిండు,
ఒక్క షెడ్డుల ఇరవై నాలుగు, రాత్రీ పగలూ.
అన్నీ ఒక్కతీరుగ కొట్టుకుంటుంటే
నడుమ నిలవడి, కండ్లు మూసుకొని, వేలు సూపెటోడు:
అగో, ఆ మూల నుంచి మూడోది, నాడె తప్పుతున్నది.
అంతల్నే పోగు తెగేది.
ఇనుడు ఆయన దగ్గరనే నేర్చుకున్న.
నా ఎడమ చెవి పోగొట్టుకున్నది కూడ ఆ షెడ్డులనే.
వీసా మెడికల్‌ల డాక్టర్ అడిగితే
కుడిదిక్కు తిరిగి జవాబు చెప్పి పాసైన.

బండి రాత్రి ఇక్కడనే ఉండాలె అన్న.
రూముకు పోలే. అట్ట పరుసుకొని దాని పక్కన్నే పండుకున్న.
ఆగస్టు ఉక్కపోతల షట్టర్ ఇంకా కాగుతున్నది.
ఇంజన్ సల్లవడుడు ఇనొచ్చింది,
టిక్కుమని. శానసేపటికి ఇంకో టిక్కు.
ఇనుము కూడ మనిషే,
పని దిగినంక కీళ్ళు ఇరుసుకుంటది.

నాలుగున్నరకు పొడుగు స్క్రూడ్రైవర్ తీసి
మొన టైమింగ్ కవర్ మీద ఆనిచ్చి
పిడి ఎడమ చెవెనుక బొక్కకు ఒత్తిపెట్టిన.
(చెవి సచ్చినా బొక్క ఇంటది.
ఈ ముచ్చట నాకు ఏ డాక్టరూ చెప్పలే.)
షోహాగ్‌ను లేపి, తాళం తిప్పురా అన్న.

టకటకటకటక
ఒకటి
రెండు
మూడు.
పోయింది.

చైను. వదులై కవర్‌కు రాసుకుంటున్నది.
దాన్ని బిగవట్టే టెన్షనర్‌కు నూనె జోరు కావాలె.
ఆ నూనె రాత్రంత కిందికి జారి,
తెల్లారి మళ్ళ పైకెక్కేదాక
మూడు సెకన్లు పొడిగొంతుతోటి మొత్తుకుంటున్నది.
మరి నూనె ఎందుకు జారుతది?
బండి కిందికి దూరి ఫిల్టర్ ఇప్పిన.
మోచేతి దాక కారింది, నల్లగ, గోరువెచ్చగ.
అగ్గువ ఫిల్టర్. లోపల నూనెను ఆపే రబ్బరు
మాడిన అప్పడం లెక్క వేళ్ళల్ల ఇరిగింది.

కొత్తది రెండు దినార్లు.
మాలిక్ మొఖం మాడ్చుకున్నడు.
బిల్లుల లేబర్ కాడ ఏం రాయాలెనో తెల్వక
ఒకటిన్నర రాసిన.

పైసలు ఇచ్చినంక గూడ పంతులు పోలే.
నువ్వు ఇన్నవా? అన్నడు అరబ్బీల.
ఇన్న.
నిజంగ?
మూడు సెకన్లు, అన్న. చింతగింజలు.
అరబ్బీల చింతగింజకు ఏమంటరో తెల్వక
వేళ్ళతోటి బల్ల మీద కొట్టి సూపిన.
తల వంచుకొని, చేతుల ఉన్న తాళాన్ని
శానసేపు అంగీతోటి తుడిసిండు.

తెల్లారి ఐదింటికి ఫోన్.
సలాం లేదు, మాట లేదు.
తాళం తిరిగింది.
నేను నిద్రమబ్బుల సచ్చిన చెవికే పెట్టుకున్న,
అది సమజై కుడి చెవికి మార్చుకునేసరికి
బండి మెత్తగ, మామూలుగ నడుస్తున్నది.
ఆ మూడు సెకన్లు అయిపోయినయి.

ఇంకోసారి, అన్న.
అవతల నవ్వు.
ఇప్పుడెట్ల, వేడెక్కింది గద.
రేపు పొద్దుగాల, అన్నడు పంతులు.